చూపులకోనలో అందరి వైపూ తిరిగే అమ్మ

కొర్రలదిన్నె, నీరుగుట్టపల్లె గ్రామాల మధ్య ఎర్రవంక పారే లోయకు చూపులకోన అని పేరు. వంక నడుమ ఉన్న నల్లని బండ మీద వెంటచూపుల తల్లి వెలసి ఉన్నది. అమ్మకు గుడి లేదు, గోపురం లేదు, పైన ఎండకు ఒక రాతి చూరు మాత్రం ఉన్నది. ఇసుకలో నిలబడి అమ్మను చూస్తూ కుడికి నడిస్తే అమ్మ ముఖం కుడికి తిరుగుతుంది. ఎడమకు నడిస్తే ఎడమకు తిరుగుతుంది. మొదటిసారి వచ్చిన భక్తులు ఒళ్ళు జలదరించి అక్కడే ఆగిపోవడం కద్దు.

పూర్వం ఇక్కడ వరుసగా వానలు తప్పి, వంక ఎండి, పశువులు మేతకు వలసపోయిన కాలమొకటి వచ్చింది. అప్పుడు రెండు ఊళ్ళ పెద్దలు కూడి బండ మీద అమ్మవారిని నిలుపుకుందామని తలచారు. దూరదేశం నుండి మౌనాచారి అనే శిల్పిని పిలిపించారు. అతడు ఉలి పట్టక ముందే, "అమ్మ ముఖం ఏ ఒడ్డుకు పెట్టమంటారు?" అని అడిగాడు. అక్కడే తగవు పుట్టింది. అమ్మ చూపు పడిన చేనే పండుతుందని అందరి నమ్మకం. మా వైపంటే మా వైపని రెండు ఊళ్ళూ పట్టుబట్టాయి. ఎవరి వైపూ కాకుండా వంక దిగువకు చూసేట్టు మలుస్తానని శిల్పి అంటే, "అప్పుడు మాకు చెంపలే కదా దక్కేది!" అని ఇద్దరూ ఒప్పుకోలేదు. మాట మీద మాట పెరిగి, కర్రలు లేచి, చివరకు వంక దాటే దారికి ఇరువైపులా కాపలా పడింది.

నీరుగుట్టపల్లెలో తిప్పక్క అనే కుమ్మరి కోడలు ఉండేది. ఆమె పుట్టిల్లు ఎదుటి ఒడ్డున కొర్రలదిన్నె. తల్లి జ్వరంతో మంచం పట్టిందని, కూతురిని కలవరిస్తోందని కబురు వచ్చింది. తిప్పక్క గంజి కుండ పట్టుకొని రేవుకు పోతే కాపలావాళ్ళు అడ్డం నిలిచారు.

"మా అమ్మ, అన్నా. ఒక్కసారి ముఖం చూసి వస్తాను."

"పోతే పో. మళ్ళీ ఈ ఒడ్డు ఎక్కనియ్యం" అన్నారు.

ఇంట్లో చంటిబిడ్డ ఉన్నది. ఆమె వెనుదిరిగింది.

జాతరకని తిప్పక్క అచ్చులో మట్టి అదిమి అమ్మవారి ముఖాలు తీసేది. ఆనాడు పని చేస్తున్నదే గాని మనసు నిలవలేదు. ఖాళీ అచ్చును గోడకు ఆనించి, కంట నీరు తుడుచుకుంటూ వాకిట అటూ ఇటూ తిరిగింది. ముగ్గుపిండికని వాకిట పోసిన తెల్లని రాళ్ళ మీద పడిన ఎండ కింది నుండి అచ్చులోకి కొడుతున్నది. ఎందుకో అటు చూసి ఆమె అదిరిపడింది. అచ్చులోని ముఖం ఆమెనే చూస్తున్నది. పక్కకు జరిగితే తనతో పాటు తిరిగింది. దగ్గరకు పోయి చేయి పెట్టింది. ముక్కు ఉండవలసిన చోట గుంటే ఉన్నది.

ఆమె ఆ అచ్చును ఎత్తుకొని పరుగున మౌనాచారి దగ్గరకు వెళ్ళింది. అతడప్పటికి ఉలులు మూట కట్టుకొని ప్రయాణానికి సిద్ధంగా ఉన్నాడు.

"ఆచారీ, అమ్మను బయటికి కాదు, లోపలికి చెక్కు."

శిల్పి అచ్చు చుట్టూ ఎన్నిసార్లు తిరిగాడో! ఆపై మూట విప్పాడు. ఎవరికీ అన్యాయం జరగదని రెండు ఊళ్ళ పెద్దలను ఒప్పించి, బండకు దిగువ వైపున తడికలు కట్టించి, వాటి చాటున పని సాగించాడు.

ఇందులోని కిటుకును మన పెద్దలు ఇలా చెబుతారు. పుట్టింది మొదలు మనం చూసిన ముఖాలన్నీ ముందుకు ఉబికినవే. అందుచేత గుంటగా ఉన్న ముఖాన్ని కూడా కన్ను ఉబికినదిగానే తీసుకుంటుంది. మనం కుడికి జరిగినప్పుడు గుంటలో మన ఎడమవైపు లోగోడ ఎక్కువగా కనిపిస్తుంది. మామూలు ముఖంలో ఆ చెంప అంతగా కనిపించాలంటే ముఖం కుడికి తిరగాలి. కాబట్టి అమ్మే తిరిగిందని కన్ను మనకు చెబుతుంది. ఇసుక మీది వెలుగు కింది నుండి పడడం దీనికి తోడు. మరీ దగ్గరకు పోయి రెండు కళ్ళతో చూస్తే గుంట గుంటలాగే కనిపిస్తుంది.

తడికలు తీసిన ఉదయం రెండు ఒడ్డుల నుండీ ఒకే కేక లేచింది: "అమ్మ మా వైపే చూస్తోంది!" మరుక్షణం అది గెలిచినవాళ్ళ కేకగా మారి, కర్రలు పైకి లేచాయి. అప్పుడు తిప్పక్క నీరుగుట్టపల్లె పెద్దకాపు ఓబన్న ముందుకు వచ్చి నిలిచింది.

"పెద్దమామా, కొట్టుకునేది ఎటూ ఉంది. ముందు అమ్మ మీద నుండి చూపు తీయకుండా ఆ ఒడ్డుకు నడువు."

"శత్రువుల నడుమకు నన్ను పొమ్మంటావా పాపా?"

"అమ్మ చూస్తుండగా నిన్నెవరు తాకుతారు?"

ఓబన్న కర్ర కింద పడేసి ఇసుకలో దిగాడు. ఒక్కో అడుగుకూ అమ్మ ముఖం అతనితో తిరిగింది. ఎదుటి ఒడ్డు చేరేసరికి ముసలాయన ఇసుకలో చతికిలబడ్డాడు. "నా వెంటే వచ్చిందిరా తల్లి! మిమ్మల్నీ ఇట్లాగే చూస్తోందా?" అని అడిగాడు. కొర్రలదిన్నె వాళ్ళలో ఒకతను ఆయనకు చెంబుతో నీళ్ళిచ్చి, తానూ ఈ ఒడ్డుకు నడిచి చూశాడు. ఆ వెనుక జనం ఆగలేదు.

తిప్పక్క ఏదీ దాచలేదు. గుంటలో చేయి పెట్టి చూడమని అందరికీ చెప్పింది. "అయితే ఇది కనికట్టేనా?" అని ఒకడు కోపగించుకుంటే, "ఉబ్బెత్తుగా చెక్కితే ఒక ఊరికే ముఖం దక్కేది నాయనా. మీ ఇద్దరికీ దక్కాలని చెక్కాను" అన్నాడు మౌనాచారి. తిప్పక్క మాత్రం ఆ మాటలు వినడానికి అక్కడ లేదు. బిడ్డను చంకనేసుకొని పుట్టింటికి పరుగెత్తింది. ఇంకా మంచం మీదే ఉన్న తల్లి కళ్ళు తెరిచి, కూతురి చేతి గంజి రెండు గుక్కలు తాగింది. మెల్లగా కోలుకున్నది. ఆలస్యంగానైనా ఆ ఏడు వాన పడింది, రెండు ఒడ్డుల మీదా పడింది.

నేటికీ తిప్పక్క వంశపు కుమ్మరులే ఇక్కడ పూజారులు. భక్తులు ఒక ఒడ్డున దిగి, అమ్మనే చూస్తూ వంక దాటాలి. అవతలి ఊరివాళ్ళు చెంబుతో నీళ్ళిచ్చి ఎదురుకోలు పలుకుతారు. ఆ తరువాత పూజారి భక్తుని చేయి పట్టి ఆ గుంటను తాకిస్తారు. గుట్టు తెలిశాక కూడా నాలుగడుగులు వెనక్కి వేస్తే అమ్మ మళ్ళీ తిరిగి చూస్తుంది. మాటలు మానుకున్న అన్నదమ్ములు, పుట్టింటి దారి మూసుకుపోయిన ఆడపడుచులు ఇక్కడికి వచ్చి చెరొక ఒడ్డు నుండి నడిచి, వంక నడుమ కలుసుకుంటారు. కలిసినవారు ఒకే చెంబులో నీళ్ళు తాగి ఇంటికి వెళ్ళడం ఇక్కడి ఆచారం.