లవణపురి తూము తలుపు

అనగనగా ఒకప్పుడు అంటే సరిపోదు. ఈ కథకు రోజు కూడా ఉంది. విజయ నామ సంవత్సరం, కార్తిక బహుళ తదియ, గురువారం. పొద్దున మంచు కురిసింది. మధ్యాహ్నానికి గాలి తూర్పుకు తిరిగి, సన్నగా వాన పట్టింది.

లవణపురి రాజ్యానికి ఉప్పే ఆధారం. పిల్లలు ఉప్పంటే వంటింటి డబ్బా అనుకుంటారు. కాదు. ఉప్పు లేకపోతే చేప ఎండదు, ఊరగాయ నిలవదు, తోలు చెప్పు కాదు. చెప్పులు లేని సైన్యం ఎంత దూరం నడుస్తుంది? సరే, కథకు వద్దాం.

ఉప్పు మడులకూ సముద్రానికీ మధ్య గట్టు, గట్టులో పెద్ద తూము తలుపు. దానికి రెండు గిరకలు. దక్షిణపు గిరకను వర్తక సంఘం ఎద్దులు తిప్పాలి, ఉత్తరపు గిరకను కూలీల సంఘం మనుషులు తిప్పాలి. రెండూ ఒకేసారి తిప్పితే తలుపు దిగి సముద్రపు నీటిని ఆపుతుంది. ఒకవైపే తిప్పితే ఒరిగి ఇరుక్కుంటుంది.

ఆ ఏడు కూలి దగ్గర తగవు వచ్చింది. ఎవరు ముందు గట్టెక్కితే వాళ్లు ఓడినట్టేనని రెండు సంఘాలూ తీర్మానించుకున్నాయి.

తూము కావలి దాలయ్య ఇల్లు గట్టు కిందే. కూతురు పురిట్లో ఉంది. సముద్రం పొంగడం చూసి, "సంఘాలున్నాయమ్మా, కంగారు పడకు" అని చెప్పి పరుగెత్తాడు.

మొదట వర్తకుల పెద్ద కొమరయ్య సెట్టి దగ్గరకు వెళ్లాడు.

"సెట్టిగారూ, ఎద్దుల్ని పంపండి!"

"పంపుతానయ్యా. ముందు ఆ పైడమ్మ మనుషుల్ని గట్టెక్కమను."

పక్కనున్న వర్తకుడు నవ్వాడు. "ఏటా పొంగుతుందనే చెబుతావు కదా దాలయ్యా!"

తరువాత కూలీల పెద్ద పైడమ్మ దగ్గరకు వెళ్లాడు.

"మావా, నీ కూతురు నాకు మాత్రం కూతురు కాదా? కానీ మేం ముందొస్తే అడిగిన కూలి వదులుకున్నట్టే. సెట్టి ఎద్దులు కనబడనీ, ఎగిరొస్తాం."

"వాటి గిట్టలు తడుస్తాయని దాచాడేమో!" అన్నాడొకడు. అందరూ నవ్వారు.

చివరికి రాజు దగ్గరకు వెళ్లాడు.

"నిరుడు రెండు సంఘాలూ ఏకమై నా చేత పన్ను తగ్గింపజేశాయి. అప్పుడు నా మాట విన్నారా?" అన్నాడు రాజు. "కొట్టుకోనీ. రేపు సభలో విచారిద్దాం."

దాలయ్య తిరిగి వచ్చేసరికి నీరు తూము నిండా ఉరుకుతోంది. ఒక్కడే ఒక గిరకను పట్టుకుని తిప్పాడు. తలుపు ఒరిగి ఇరుక్కుంది. ఇంటికి పరుగెత్తాడు. గట్టు కింద ఇల్లు లేదు.

నీటి హోరు విని రెండు సంఘాలూ గట్టెక్కాయి. ఎవరు ముందొచ్చారని ఎవరూ అడగలేదు. మడులూ, ఉప్పు కుప్పలూ నీళ్లలో కలిసిపోయాయి.

తరువాతి కాలంలో సెట్టి కొడుకుకు పొరుగుదేశపు ఉప్పు అమ్మే కొట్టు దక్కింది. పైడమ్మ కొడుకులకు ఆ ఉప్పునే ఓడల నుంచి మోసే పని దక్కింది. యువరాజుకు సింహాసనమూ, దాని చుట్టూ బురదా దక్కాయి. దాలయ్య దగ్గర ఇవ్వడానికేమీ లేదు; తీసుకోవడానికీ ఎవరూ లేరు.

నీతి: ఎదుటివాడు ముందు తలవంచాలని కూర్చున్న సంఘాలు తమవాళ్లనే ముంచుతాయి, వాళ్ల తగవు చూసి సంతోషించే రాజ్యం వాళ్లతోపాటే మునుగుతుంది.