వాల్దోరోలో రాజు మోకరిల్లిన పూట

స్పెయిన్ ఉత్తరాన, కొండల నడుమ ఉన్న ఒక మఠంలో మూన్యో అనే వృద్ధ సన్యాసి ఉండేవాడు. యౌవనంలో ఆయన వెలాస్కో రాజు దగ్గర దుబాసీగా పనిచేశాడు. ఎడతెగక కొట్టుకుంటున్న మూడు రాజ్యాలను ఒక్కటి చేసినవాడు ఆ రాజే. మఠంలో చరిత్ర రాసే పని కొత్తగా చేపట్టిన శిష్యుడు తెల్యో ఒకనాడు, "గురువుగారూ, మన దేశం ఏ యుద్ధంతో ఒక్కటైంది?" అని అడిగాడు.

మూన్యో ఏ యుద్ధం పేరూ చెప్పలేదు. తాను కళ్ళారా చూసిన సంగతి ఒకటి చెప్పాడు.

వాల్దోరో నగరం అన్నిటికన్నా చివర లొంగింది. రెండేళ్ళ ముట్టడిలో తిండి అయిపోయి కోట తలుపులు తెరిచారు తప్ప, రాజుమీద ఇష్టం కలిగి కాదు. ఆయన గుర్రంమీద లోపలికి వచ్చేసరికి జనమంతా కూడలిలో నిలబడి ఉన్నారు. మోకరిల్లి ప్రమాణం చెయ్యమని సేనాపతి మూడుసార్లు గద్దించాడు. ఒక్కరూ వంగలేదు. సైనికుల చేతులు కత్తులమీదికి వెళ్ళాయి.

రాజు మాత్రం ఇంకో మాట అడిగాడు. "ముట్టడి మొదట్లో నా తమ్ముడు గాయపడి మీకు చిక్కాడు. వాణ్ణి ఏం చేశారు?"

మూన్యో ఆ ప్రశ్నను వాళ్ళ భాషలో చెప్పగానే, రొట్టెలు కాల్చి అమ్మే ఒనేకా అనే ఆవిడ ముందుకొచ్చింది.

"మా ఇంట్లోనే పడుకోబెట్టాను ప్రభూ. పదకొండు రోజులు బతికాడు. మీ భాష నాకు రాదు. చివర్లో అమ్మా అంటున్నాడని మాత్రం తెలిసింది. ఇక్కడే ఉన్నాను బాబూ అన్నాను."

"మామీద నీకు కోపం లేదా?"

"ఎందుకుండదు? నా కొడుకు మీ బాణం తగిలే పోయాడు. ఇద్దర్నీ పక్కపక్కనే పూడ్చుకున్నాను."

రాజు గుర్రం దిగాడు. సేనాపతి చెయ్యి అడ్డుపెట్టినా ఆగలేదు. రాళ్ళ నేలమీద రెండు మోకాళ్ళూ మోపి, పొయ్యి సెగకు మచ్చలు పడ్డ ఒనేకా చేతులు పట్టుకుని ముద్దుపెట్టుకున్నాడు. "మా అమ్మ ఉండవలసిన చోట నువ్వున్నావు తల్లీ" అన్నాడు. ఆ మాటను మూన్యో వాళ్ళ భాషలోకి మార్చి చెప్పబోయాడు. ఆవిడ అప్పటికే ఏడుస్తోంది.

అంతసేపూ బిగుసుకుని నిలబడ్డ జనంలోంచి చెప్పులు కుట్టే ముసలివాడొకడు వచ్చి, రాజు మోచెయ్యి పట్టి లేవదీశాడు. సమాధులు ఇటని దారి చూపాడు. ఊరివాళ్ళూ సైనికులూ కలిసిపోయి వెనక నడిచారు. వాల్దోరో ఆ తర్వాత ఎన్నడూ తిరగబడలేదు.

తెల్యో కలం అందుకున్నాడు. "అయితే రాజుగారు ఆ ఉపాయంతో దేశాన్ని గెలిచారని రాయనా?"

గురువు తల అడ్డంగా ఊపాడు.

"ఆయన దిగింది ఆవిడకు దణ్ణం పెట్టడానికి నాయనా. దేశం సంగతి ఆ పూట ఆయనకు గుర్తుకూడా లేదు."