రాజుగారి అరచేయి

ఒకానొక రాజ్యంలో చలి పెట్టాలన్నా, ఉక్కపోయాలన్నా ముందు రాజుగారి అరచేతిని అడగాల్సిందే.

ఆ రాజ్యం మంజుగిరి. ఆ రాజు వజ్రబాహుడు. పట్టాభిషేకం నాడు ఒక భట్రాజు "మహారాజా, తమ హస్తం ధర్మం తప్పదు, అబద్ధం చెప్పదు" అని పొగిడాడు. పొగడ్త అన్నాక విని ఊరుకోవాలి. ఈయన నమ్మాడు. నమ్మి ఊరంతా చాటింపు వేయించాడు. ఆనాటి నుంచి రాజుగారి చేయి వేడి అంటే వేడి, చల్లన అంటే చల్లన.

మాఘమాసపు మంచులో గుర్రపుస్వారీ చేసి, కొంకర్లు పోయిన చేత్తో సభాస్తంభాన్ని తాకి "అబ్బ, ఎంత ఉక్కగా ఉంది!" అనేవాడు. అంతే, సభలోని వారంతా శాలువలు తీసి ఒళ్ళో పెట్టుకుని, పళ్ళు టకటకలాడుతుండగా విసనకర్రలు అందుకునేవారు. విదూషకుడు కొండుభట్టు అందరికంటే జోరుగా విసురుకునేవాడు. తిండి పెట్టే కొలువు కదా, ఏం చేస్తాడు!

రాజుగారి ఒక్కగానొక్క కూతురు కువలయ చనిపోయేదాకా ఇదంతా నవ్వులాటగానే సాగింది.

తల్లి పురిట్లోనే పోతే ఆ పిల్లను దాది పోలమ్మ పెంచింది. పాలపళ్ళు ఇంకా ఊడని పిల్ల. ఒకనాటి సాయంత్రం ఒళ్ళు నలతగా ఉందని పడుకుంది. పోలమ్మ గబగబా వచ్చి నుదుటి మీద చేయి వేసి చూసి, "జ్వరం లేదులే, ఆడి ఆడి అలిసిపోయింది" అంది. పోలమ్మ చెప్పాక ఇంకేముంది! వైద్యుణ్ణి ఎవరూ పిలవలేదు. తెల్లవారి పిలిచేసరికి ఆయన చేయగలిగింది ఏమీ మిగలలేదు.

రాజు ఏడవలేదు. సింహాసనం ఎక్కినవాడు నలుగురిలో ఏడవకూడదని ఎవరు చెప్పారో పాపం! కంట్లోంచి పోవాల్సిన దుఃఖం లోపలే ఉండిపోయి కోపంగా మారింది. కర్మకాండ ముగిసిన మర్నాడే పోలమ్మను సభకు రప్పించాడు.

"చేయి అబద్ధం చెప్పదు" అన్నాడు. "నా బిడ్డ నుదురు పెనంలా కాలిపోతుంటే దీని చేతికి తెలియకుండా ఎలా ఉంటుంది? తెలిసే అబద్ధమాడింది. అబద్ధమాడిన ఆ చేతులు రెండూ నరికించండి."

మంత్రి పోలమ్మ వైపు తిరిగి, "చెప్పుకునేది ఏమైనా ఉంటే చెప్పుకోవమ్మా" అన్నాడు.

"ఏం లేదు బాబూ. ఎత్తుకోవడానికి ఆ తల్లే లేనప్పుడు ఈ చేతులు నాకెందుకు? నరకండి" అంది పోలమ్మ.

ఆ మాట కొండుభట్టు విన్నాడు. ఆ పిల్లను వీపు మీద ఎక్కించుకుని ఏనుగులా నడిచినవాడు అతను. కానీ దాదిని కాపాడాలంటే రాజుగారి చేయి తప్పు చెబుతుందని రాజుగారి ముందే అనాలి. అలా అన్న తల మొండెం మీద నిలవదు. ఆ మాట రాజుగారి చేతే అనిపించాలి.

శిక్ష అమలు చేసే ముందు రాజు నిండుసభలో చేతులు కడుక్కోవాలని ఆ రాజ్యంలో ఆచారం. కొండుభట్టు ముందుకు వచ్చి, "ఈ పూట నీళ్ళు నేను అందిస్తాను ప్రభూ" అన్నాడు. మూడు వెండి గిన్నెలు తెచ్చి వరసగా పెట్టాడు. మొదటిదాంట్లో ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళు, చివరిదాంట్లో బావిలోంచి అప్పుడే తోడిన నీళ్ళు, నడిమి గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు.

"కుడిచేయి తండ్రిది, ఎడమచేయి రాజుది ప్రభూ. రెంటినీ విడివిడిగా నానబెట్టి, ఆ తర్వాతే కలిపి కడగాలని పెద్దలు అన్నారు."

పెద్దలెవరూ అలా అనలేదు. గంభీరంగా చెబితే ఆ రాజు ఏదైనా వింటాడని కొండుభట్టుకు తెలుసు.

రాజు కుడిచేయి వేడినీళ్ళలో, ఎడమచేయి బావినీళ్ళలో చాలాసేపు ఉంచాడు. తర్వాత కొండుభట్టు నడిమి గిన్నె చూపించి, "ముందు కుడిచేయి ముంచండి ప్రభూ. నీళ్ళు ఎలా ఉన్నాయి?" అన్నాడు.

"చల్లగా ఉన్నాయి."

"చిత్తం. ఇప్పుడు ఎడమచేయి."

"వేడిగా..." అని రాజు సగంలో ఆగిపోయాడు.

అలవాటు చొప్పున ఒక ముసలి సామంతుడు, "అవునవును ప్రభూ! చల్లగానూ ఉన్నాయి, వేడిగానూ ఉన్నాయి!" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

కొండుభట్టు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "గిన్నె ఒకటే, నీళ్ళు ఒకటే. ఒక చేయి చల్లన అంది, ఒక చేయి వేడి అంది. అబద్ధమాడిన చేతిని నరకాలని తమరే సెలవిచ్చారు. తలారి ఇక్కడే ఉన్నాడు. ఏ చేయి నరకమంటారు ప్రభూ?"

రాజు ముఖం జేవురించింది. కత్తి దూస్తాడేమో అనుకున్నారు అందరూ. ఆయన మాత్రం తన చేతులనే చూసుకుంటూ, "ఏది అబద్ధమాడింది?" అని మెల్లగా అడిగాడు.

"ఏదీ ఆడలేదు ప్రభూ. చేయి నీళ్ళ వేడిని చెప్పదు, తనకూ నీళ్ళకూ ఉన్న తేడాను చెబుతుంది. ఎక్కువ వేడిగా ఉన్నదాని నుంచి తక్కువ వేడిగా ఉన్నదానిలోకి వేడి పోతుంది. రెండూ సమానమయ్యాక ఇక పోయేదీ లేదు, వచ్చేదీ లేదు. అప్పుడు చేతికి ఏమీ తెలియదు. కావాలంటే రెండు చేతులూ ఆ గిన్నెలోనే ఉంచి చూడండి."

రాజు ఉంచాడు. కాసేపటికి రెండు చేతులూ ఒకే మాట చెప్పాయి.

కొండుభట్టు పోలమ్మ వైపు తిరిగాడు. "పోలమ్మా, పాప నుదురు ముట్టుకోబోయే ముందు నీ చేతులు ఎక్కడున్నాయి?"

ఆమె రాజు వైపు ఒకసారి చూసి, చేతులు కొంగులో దాచుకుంది.

"చెప్పు" అన్నాడు రాజు.

"తమరి స్నానాల కాగులో అయ్యా" అంది పోలమ్మ. "నీళ్ళు తమరి చేతికి నచ్చేంత వేడిగా ఉండాలి కదా. తమరు వచ్చేదాకా చెయ్యి పెట్టి చూస్తూనే ఉండమని ఆజ్ఞ. ఆ పూట తమరు రావడం ఆలస్యమైంది. పాప పిలుస్తోందంటే ఆ తడిచేతులతోనే పరుగెత్తాను. నా చేతికి ఏమీ తెలియలేదయ్యా. ఒట్టు, ఏమీ తెలియలేదు."

"ఇంతసేపూ ఎందుకు చెప్పలేదు?"

"చెబితే తమరి గుండె పగిలిపోతుందని."

రాజు నవ్వాడు. ఆ సాయంత్రం తనకు ఆలస్యం ఎందుకైందో గుర్తొచ్చి నవ్వాడు. తన హస్తం మీద కొత్తగా కట్టిన పద్యాలు వింటూ కూర్చున్నాడు ఆ పూట. రాజు నవ్వాడు కదా అని సభంతా నవ్వబోయింది. ఆయన బుగ్గల మీద నీళ్ళు చూసి నోళ్ళు మూసుకుంది.

రాజు శిక్ష రద్దు చేశాడు. చేతి కంకణం తీసి కొండుభట్టు ముందు పెట్టి, "నన్ను నిండుసభలో ఓడించావు. ఇంకేం కావాలో కోరుకో" అన్నాడు.

"నాకేమీ వద్దు ప్రభూ. చలిలో విసనకర్ర పట్టుకున్న రోజే ఈ గిన్నెలు తేవాల్సింది నేను. తెచ్చి ఉంటే పాప బతికేది. ఇక మీదట తమరి చేయి తప్పు చెప్పిందని ఎవరన్నా అంటే, వాళ్ళకు అభయం ఇవ్వండి. చాలు."

"ఇచ్చాను."

రాజు సింహాసనం దిగి పోలమ్మ దగ్గరికి వచ్చాడు. "నువ్వు చేయి వేసినప్పుడు నా చిట్టితల్లి ఏమైనా అందా?"

"'ఇక్కడే ఉండు పోలీ, చెయ్యి తియ్యొద్దు' అందయ్యా. 'నాన్నగారి నీళ్ళు చల్లారిపోతాయమ్మా' అని చెప్పి లేచి వెళ్ళిపోయాను."

రాజు ఆ మెట్ల మీదే కూలబడి గొంతెత్తి ఏడ్చాడు. పోలమ్మ పక్కనే కూర్చుని ఆయన వీపు మీద చేయి వేసింది. ఈసారి తీయలేదు.