ఖరీదైన ఫోనుకే తెరుచుకునే సైటు

వెబ్ అప్లికేషన్లు కట్టడంలో చేయి తిరిగినవాడే అయినా, హంగు లేనిదే పని కాదనుకునే భానోజీ అనే కుర్రాడు విజయవాడలో ఉండేవాడు. పాము కాటుకు విరుగుడు ఇంజక్షన్ ఏ ఆసుపత్రిలో ఉందో, ఎక్కడ అయిపోయిందో ఎప్పటికప్పుడు చూపించే సైటు కట్టే పని అతనికి వచ్చింది. ఒక కంపెనీ తన ఖరీదైన ఫోన్లకు మాత్రమే ఇచ్చే సామగ్రితో దాన్ని తళతళలాడేలా కట్టేశాడు.

అతనితో పనిచేసే విశాల చూసి పెదవి విరిచింది. "అన్ని కంపెనీలూ ఒప్పుకున్న బహిరంగ ప్రమాణాలు ఉన్నాయి కదయ్యా! వాటితో కడితే ఏ ఫోనులోనైనా తెరుచుకుంటుంది. రేపు రాబోయే ఫోన్లలోనూ తెరుచుకుంటుంది. నీ సైటు కొత్తల్లుడిలా ఉంది, ఒక్క అత్తారింట్లోనే భోంచేస్తానంటుంది."

"అల్లుడికి ఆ మాత్రం బెట్టు ఉండాలి," అన్నాడు భానోజీ.

ఆ వానాకాలంలో అతను దివిసీమలో ఉన్న అక్క నాంచారి ఇంటికి వెళ్లాడు. పొద్దుటి నుంచి కనబడినవాళ్లందరికీ సైటు తిప్పి తిప్పి చూపించాడు. మధ్యాహ్నానికి ఫోను చార్జింగ్ కాస్తా హరీమంది. సరిగ్గా అప్పుడే, గట్టు మీద గడ్డి కోస్తున్న అక్క కెవ్వుమంది. రక్తపింజరి కాటేసింది!

బావ పోతురాజు ఆమెను ఆటోలో పడుకోబెట్టి, తన చవక ఫోను భానోజీ చేతిలో పెట్టాడు. "నీ సైటు చూడరా! ఎటు పోవాలి?"

తెర మీద రెండే ముక్కలు వచ్చాయి. "ఈ ఫోను పనికిరాదు. మంచి ఫోను కొనుక్కోండి." అవి రాసిందీ మన భానోజీయే.

"ఏమంటోంది?"

"ఫోను... కొనుక్కోమంటోంది బావా."

"ఇప్పుడా?"

ఆటో కూడలికి చేరింది. కుడి దారిలో ఒక ఆసుపత్రి, ఎడమ దారిలో ఇంకొకటి. నాంచారి కాలు మోకాలి దాకా వాచిపోయింది. చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది. భానోజీ కళ్లు మూసుకుని, "కుడికి పోనివ్వు," అన్నాడు.

అక్కడ నర్సు తల అడ్డంగా ఊపింది. "ఇంజక్షన్ పొద్దున్నే అయిపోయిందయ్యా! సైటులో పెట్టాంగా, చూసుకుని రావద్దూ?"

ఎడమ దారిలో ఉన్న ఆసుపత్రిలో ఉందని ఆమే చెప్పింది. వచ్చిన దారినే ఆటో వెనక్కి ఉరికింది. "అక్కా! అక్కా!" అని భానోజీ పిలుస్తూనే ఉన్నాడు. కూడలి దాటాక ఆమె ఊ కొట్టడం మానేసింది.

ఇంజక్షన్ అందింది. ప్రాణం నిలిచింది. కానీ ఆలస్యానికి మూత్రపిండాలు దెబ్బతిని, నాంచారి చాలా రోజులు మంచం దిగలేకపోయింది. మాట వచ్చాక తమ్ముడి ముఖం చూసి, "ఏడుపు ఆపరా, మీ బావ చూస్తే ఏడాదంతా ఏడిపిస్తాడు. ముందు చేలో పనిచేసేవాళ్లకు అక్కరకొచ్చేలా దాన్ని బాగుచెయ్యి," అంది.

భానోజీ అక్కడి నుంచే విశాలకు ఫోను చేశాడు. ఇద్దరూ కలిసి బహిరంగ ప్రమాణాలతో సైటును మొదటి నుంచి కట్టారు. కొత్తదానికి తళుకు లేదు. ఎవరు ఏ ఫోనుతో అడిగినా మాత్రం పలికింది.

నీతి: నలుగురి కోసం కట్టేదాన్ని నలుగురూ ఒప్పుకున్న పద్ధతిలోనే కట్టాలి, మన గొప్ప కోసం కట్టింది ఆపదలో మనకే అందదు.