తూర్పు గోలు

వెనకటికి ఒక జమీందారు, ఉప్పుమడుల కూలీలు ఆడుకునే మైదానాన్ని లాక్కోబోయాడు. కూలీలు ఎదురు తిరిగేసరికి, "కాలిబంతిలో నా జట్టును ఓడించండి, వదిలేస్తాను" అన్నాడు.

ఆట మొదలైన కాసేపటికే కూలీల నాయకుడు గంగులు, తూర్పున ఉన్న జమీందారు జట్టు గోలులోకి బంతి కొట్టాడు.

జమీందారు కుర్చీలోంచి లేచి అరిచాడు. "ఈ రోజు తూర్పు గోలులో పడ్డ ఏ బంతీ లెక్కలోకి రాదు! ఇది నా ఆజ్ఞ!"

గంగులుకి ఒళ్లు మండిపోయింది. అయినా పళ్లు బిగబట్టి, "ఆ మాట దండోరా వేయించండి దొరా, అందరూ వినాలి" అన్నాడు. జమీందారు నవ్వుతూ డప్పు కొట్టించాడు.

సగం ఆట ముగిసినా ఎవరికీ గోలు దక్కలేదు. ఆనవాయితీ ప్రకారం జట్లు వైపులు మారాయి. ఇప్పుడు తూర్పు గోలు కూలీలది! గంగులు గోలు కాసేవాణ్ణి కూడా ముందుకు పిలిచాడు. అందరూ కలిసి పడమటి గోలు మీద విరుచుకుపడి బంతిని లోపలికి కొట్టారు. జమీందారు మనుషులు ఖాళీ తూర్పు గోలులో ఎన్నిసార్లు కొట్టినా లెక్కకు రాలేదు.

"ఆ ఆజ్ఞ రద్దు!" జమీందారు గొంతు చించుకున్నాడు.

"ఈ రోజంతా అన్నారు కదా దొరా, ఊరంతా విన్నది" అన్నాడు గంగులు. జనమంతా లేచి నిలబడ్డారు. జమీందారు గబగబా పల్లకీ ఎక్కేశాడు.

గెలిచినా గంగులు కోపం చల్లారలేదు. "మాది మాకు దక్కడానికి కూడా ఆడి గెలవాల్సొచ్చింది, థూ!" అని పల్లకీ వెళ్లిన దారిలో ఉమ్మాడు.