విప్పని గుడారం

నరహరి మాస్టారు కూర్చుని జవాబు చెప్పే మనిషి కాదు. ఎవరేమడిగినా విని, "ఆదివారం నడకకు రండి" అనేవారు. ఒకప్పుడు బళ్ళో డ్రిల్లు నేర్పి, రిటైరయ్యాక కొండలు ఎక్కించడం మొదలుపెట్టారు. ఊళ్ళో ఆయనకు కొద్దిమంది శిష్యులుండేవారు. వాళ్ళలో హైమవతి ఒకతె.

ఆమె ఒకరోజు అడిగింది: "మాస్టారూ, ఇప్పుడు తయారు కాని వస్తువుల కోసం మనసు ఇంతలా ఎందుకు కొట్టుకుంటుంది? అది తప్పా?"

అడగడానికి కారణం ఉంది. అన్నయ్య విశ్వంభరం బతికున్న రోజుల్లో ఇద్దరూ కలిసి ఒక నారింజరంగు గుడారం కొన్నారు. నల్లమలలో బయట వాన దంచుతుంటే అందులో పొడిగా పడుకుని కబుర్లు చెప్పుకున్నారు. కొన్నాళ్ళకు ఆ కంపెనీ మూతపడింది. ఆ తర్వాత అన్నయ్య జ్వరంతో పోయాడు. అప్పటినుంచి హైమవతి దాన్ని విప్పలేదు. సంచిలో కట్టి, కలరా ఉండలు వేసి, బీరువా మీద దాచింది. అలాంటిదే ఇంకోటి దొరుకుతుందేమోనని పాత సామాన్ల కొట్లన్నీ తిరిగేది. కొత్తవి ఎవరు చూపించినా, "ఆ గుడ్డేది, ఆ కుట్టేది?" అనేది.

మాస్టారు అంతా విని, "ఈసారి దాన్ని పట్టుకురా. వానొస్తే అందరం అందులోనే తలదాచుకుందాం" అన్నారు. మిగతావాళ్ళను వేరే గుడారం మొయ్యొద్దన్నారు.

ఆదివారం అయిదుగురు కొండెక్కారు. చెట్టన్నది లేని బండనేల మీదికి వచ్చేసరికి గాలి లేచింది, వెనకే వాన. ఆ అయిదుగురిలో ఒకరైన శకుంతలమ్మగారు తడిరాతి మీద జారి పడిపోయారు. పెద్దావిడ, పైగా ఉబ్బసం. చీలమండ వాచిపోయి లేవలేకపోయారు.

"హైమవతీ, టెంటు తియ్యి!" అని మాస్టారు కేకేశారు.

ఆమె సంచి తాడు విప్పింది. ముందు పుల్లటి కంపు కొట్టింది. గుడ్డ మడత మడతకీ అంటుకుపోయి ముద్దలా ఉంది. చెయ్యి పెట్టి లాగితే, వాన దిగకుండా లోపల వేసిన పూత జిగురై వేళ్ళకు పట్టుకుంది. ఇంకాస్త గట్టిగా లాగింది. నానిన కాగితంలా చీలిపోయింది. చప్పుడైనా సరిగ్గా రాలేదు.

హైమవతి చేతిలో మిగిలిన పీలిక వంక చూస్తూ ఉండిపోయింది. దానికి ఎండ తగలనివ్వలేదు, వాన తగలనివ్వలేదు, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. "నేను దీన్ని... ఒక్కసారి కూడా..." అంది.

మాస్టారు అంతా ముందే తెలిసి చేశారని తర్వాత కొందరన్నారు. అక్కడున్నవాళ్ళు ఒప్పుకోరు. ఆయన ముఖంలో నెత్తురు లేకపోవడం వాళ్ళు చూశారు. "దీన్నే నమ్ముకుని వీళ్ళను పైకి తీసుకొచ్చానమ్మా" అన్నారాయన.

శకుంతలమ్మగారికి ఆయాసం ఎక్కువైంది. రొప్పుతూనే తన చేతిసంచి చూపించారు. "అన్నాలప్పుడు కింద పరుచుకుందామని పట్టా తెచ్చాను. చూడండి."

నీలంరంగు ప్లాస్టిక్ పట్టా. సంతలో కూరగాయల బుట్టల మీద కప్పే రకం. మాస్టారూ, మరో ఇద్దరూ తలో మూలా పట్టుకుని ఆవిడ మీద ఎత్తారు. నాలుగో మూల గాలికి టపటపా కొట్టుకుంటూ ఆవిడ ముఖం మీదికే నీళ్ళు చిమ్ముతోంది. హైమవతి నిలుచున్న చోటునుంచి కదల్లేదు.

"అమ్మాయ్, నాకు ఊపిరాడటం లేదే!" అన్నారు శకుంతలమ్మగారు.

హైమవతి ఉలిక్కిపడింది. పీలిక వదిలేసి, ఆ జిగురు వేళ్ళతోనే వచ్చి మూల అందుకుంది. కాసేపటికి కింద పెద్దావిడ ఊపిరి కుదుటపడింది.

ఆ సాయంత్రం శకుంతలమ్మగారిని మోసుకుంటూ క్షేమంగానే కిందికి దించారు. శిష్యులు చెప్పుకునేది మాత్రం వాన ఇంకా తగ్గకముందు, పట్టా పట్టుకుని నిలబడినప్పటి మాట. హైమవతి ఏడుస్తూ, "అలాంటిది ఇంకెక్కడా దొరకదు మాస్టారూ" అంది.

మాస్టారు తలెత్తి, నీళ్ళు కారుతున్న ఆ నీలం పట్టా వైపు చూశారు.

"ఇదీ ఎప్పుడో ఒకప్పుడు తయారుచెయ్యడం మానేస్తారమ్మా. గట్టిగా పట్టుకో."