వానకు చెరిగిన చేతిముద్ర

పొద్దెక్కింది. జల్లు ఆగడం లేదు. అనగనగా ఒక కొండ అడవిలో, గుహలో నడిచే ఆసుపత్రికి వరాలు అనే అడవిపంది ముగ్గురు పిల్లలతో పరుగున వచ్చింది. చిన్నది ముళ్లపందితో ఆటలకు పోయింది. మెడలో ముల్లు దిగింది. మెడ ఉబ్బిపోతోంది.

గుహ ఎలుగుబంటిది. వైద్యం కొండముచ్చుది. కొండముచ్చు రోజూ రాగానే వాకిట్లో బంకమట్టి మీద అరచెయ్యి అద్దాలి. ఆ ముద్ర చూశాకే ఎలుగు మందుల గదికి అడ్డంగా ఉన్న బండ తీస్తుంది. అది ఎలుగు పెట్టిన పద్ధతి.

“డాక్టరు బాబూ, ముల్లు తియ్యవా!” అంది వరాలు.

“తీస్తానమ్మా. తీస్తే నెత్తురు ఆగదు. ఆపే పసరు లోపలుంది. బండ తియ్యమని ఆయన్నడుగు,” అంది కొండముచ్చు.

వరాలు గుహ ఆ చివరనున్న ఎలుగు దగ్గరికి పోయింది.

“ముద్ర ఏదమ్మా? ముద్ర లేదంటే డాక్టరు రానట్టే,” అంది ఎలుగు.

“అదిగో, ఎదురుగా కూర్చున్నాడు గదయ్యా!”

“కూర్చుంటే సరిపోతుందా?”

వరాలు మళ్లీ ఈ చివరికి వచ్చింది.

“పొద్దున్నే వేశాను. వానకు చెరిగింది. మళ్లీ వెయ్యను. నేనేమన్నా దొంగనా, పూటపూటా చెయ్యి చూపించడానికి?” అంది కొండముచ్చు.

మూడోసారి బయల్దేరుతుంటే చిన్నది కళ్లు తేలేసింది. వరాలు ఆగిపోయింది. ఇక తిరగలేదు. పిల్లను బండ ముందే పడుకోబెట్టింది.

“ఇద్దరూ ఇటు రండి! మీ మాటలు మొయ్యడానికి రాలేదు నేను. ఏం చెప్పుకుంటారో దీని మొహం చూస్తూ చెప్పుకోండి!”

ఇద్దరూ వచ్చారు. కొండముచ్చు పిల్ల మెడ తడిమింది.

“ఎలుగన్నా, ఇంకాసేపైతే ఊపిరాడదు.”

“చెరిగిందని నాతోనే చెప్పొచ్చుగా?”

“నువ్వు అడగొచ్చుగా?”

“అయ్యా, ఆ పంచాయితీ తర్వాత!” అంది వరాలు.

ఎలుగు బండ దొర్లించింది. కొండముచ్చు ముల్లు లాగి పసరు పిండింది. నెత్తురు ఆగింది. చిన్నది కెవ్వున ఏడ్చింది.

“ప్రాణం మీదికొస్తే ఇక ముద్ర అడగను,” అంది ఎలుగు.

“నాకు కోపమొస్తే నీకే వచ్చి చెప్తాను,” అంది కొండముచ్చు.

“ఆ ముక్క పొద్దున్నే అనుకుంటే మీ సొమ్మేం పోయేది?” అని గొణుక్కుంటూ వరాలు పిల్లల్ని తోలుకుపోయింది.

పొద చేరాక లెక్కపెట్టింది. పెద్దది, ఒకటి. నడిమిది, రెండు. చిన్నది, మెడకు కట్టుతో, మూడు. నమ్మకం చాలక మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది.

నీతి: వైద్యుడికీ ఆసుపత్రికీ పేచీ వస్తే ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలి, రోగిని మధ్యలో తిప్పకూడదు.